చదివించడం, కంప్యూటర్ నేర్పడం: రెండూ ఒకే టీచర్ నెత్తిన పడితే

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. డీఎస్సీలో తెలుగు స్కూల్ అసిస్టెంట్‌గా ఎంపికై జిల్లా పరిషత్ హైస్కూల్లో చేరారు. ఆరు నుంచి ఎనిమిది దాకా రీడింగ్ పీరియడ్లు మీకిచ్చారు. "కొత్తగా వచ్చారు, మీకు కంప్యూటర్ బాగా తెలిసి ఉంటుంది" అంటూ హెచ్ఎం ల్యాబ్ తాళం కూడా మీ చేతిలోనే పెట్టారు. రోజు ఎలా గడుస్తుంది, ఆరో తరగతికొచ్చినా చదవడం రాని పిల్లల్ని ఏం చేయాలి, కంప్యూటర్ డిగ్రీ లేకుండా నెగ్గుకురాగలనా అన్నవి మీ సందేహాలు.

నేను నల్గొండ జిల్లాలో, తండాలు ఎక్కువగా ఉన్న మండలంలో చాలా ఏళ్లుగా ఈ రెండు పనులూ చేస్తున్నాను. మీకు చెప్పదలచుకున్నది ఒక్కటే. వీటిని రెండు సబ్జెక్టులుగా విడదీసి రెండు పాఠ్య పథకాలు రాసుకుంటూ కూర్చుంటే దసరా సెలవులు వచ్చేలోపే అలిసిపోతారు. ఉదయం చదివింది మధ్యాహ్నం టైపు చేయించండి. ల్యాబ్‌లో టైపు చేసింది మర్నాడు క్లాసులో చదివించండి. మిగతాదంతా దీన్ని ఎలా నడపాలన్న సంగతే.

ముందు రోజు సంగతి. ప్రార్థన అయ్యాక హాజరు, ఫోన్‌లో ముఖాల హాజరు, ఎవరు రాలేదో కనుక్కోవడం, వీటితోనే మొదటి పీరియడ్‌లో కొంత కరిగిపోతుంది. అందుకే టైమ్‌టేబుల్ వేసే రోజే హెచ్ఎంని రెండు విషయాలు అడగండి. రీడింగ్ పీరియడ్లు పొద్దున రెండోదో మూడోదో కావాలి. మధ్యాహ్న భోజనం తిన్న పిల్లలకి పుస్తకం చేతికిస్తే కళ్లు మూతలు పడతాయి, అదే పిల్లలు మౌస్ పట్టుకుంటే నిద్రపోరు. రెండోది, ల్యాబ్‌కి విడి పీరియడ్లు వద్దు, వారానికి ఒకసారైనా సరే వరసగా రెండు పీరియడ్లు ఇమ్మనండి. చెప్పులు విప్పి, వరసలో కూర్చుని, సిస్టమ్స్ ఆన్ అయ్యేసరికే పది పదిహేను నిమిషాలు పోతాయి. నలభై అయిదు నిమిషాల్లో అది పోతే మిగిలేది ఏముంటుంది? లెక్కల సార్‌తో పీరియడ్ మార్చుకోవాల్సి వస్తే మార్చుకోండి. ఆయనకీ పొద్దున పీరియడే కావాలి కాబట్టి కాస్త బేరం తప్పదు.

ఇక ఎవరూ ముందుగా చెప్పని పని ఒకటుంది. కంప్యూటర్ ల్యాబ్ ఎవరి చేతిలో ఉంటే ఆఫీసు పనంతా వాళ్ల దగ్గరికే వస్తుంది. యూడైస్ ప్లస్ (బడులు, పిల్లల వివరాల ప్రభుత్వ వెబ్‌సైట్) వివరాలు, స్కాలర్‌షిప్ దరఖాస్తులు, పదో తరగతి నామినల్ రోల్స్ (పరీక్ష రాసే పిల్లల జాబితాలు), ఆధార్‌లో ఒకలా, అడ్మిషన్ రిజిస్టర్‌లో ఇంకోలా ఉన్న పేర్ల సవరణలు, ఆఖరికి ప్రింటర్‌లో ఇరుక్కున్న కాగితం కూడా. మొహం మీద కాదనలేం, అనాల్సిన పనీ లేదు. నేను చేసేది ఇది: రోజుకి ఒక ఖాళీ పీరియడ్ ఈ పనులకి అని స్టాఫ్‌రూమ్‌లో అందరికీ చెప్పేశాను. క్లాసు మధ్యలో "రెండు నిమిషాల పని మేడమ్" అని ఎవరొచ్చినా ఆ పీరియడ్‌లో కనబడమంటాను. మొదట్లో గొణిగారు, తర్వాత అలవాటు పడ్డారు. ఎంత తొందరున్నా పిల్లల వివరాలు పిల్లల చేత ఎక్కించకండి. ఎనిమిదో తరగతి కుర్రాడు మీకన్నా చురుగ్గా టైపు చేస్తాడు నిజమే, కానీ తోటి పిల్లల ఆధార్ నంబర్లు, కులం, బ్యాంకు ఖాతా వాడి కంట పడకూడదు.

ఇప్పుడు చదవడం. ఆరో తరగతిలో చేరిన పిల్లల్లో కొందరు గడగడా చదువుతారు, కొందరు కూడబలుక్కుంటారు, కొందరికి అక్షరాలే పూర్తిగా రావు. 2022లో ప్రాథమిక తరగతులకి తొలిమెట్టు, అంటే చదవడం, రాయడం, లెక్కల పునాది గట్టిచేసే ప్రభుత్వ కార్యక్రమం, మొదలైంది. అది సరిగ్గా అందిన పిల్లలు ఇప్పుడిప్పుడే పైకి వస్తున్నారు, కరోనాలో మొదటి రెండు తరగతులు ఇంట్లోనే గడిపిన పిల్లలు మాత్రం ఇంకా పై క్లాసుల్లో ఉన్నారు. కాబట్టి తరగతి నంబరు చూసి అంచనా వేయకండి. ఒక్కొక్కరినీ విడిగా పిలిచి చదివించి చూడాల్సిందే. పల్లె పిల్లలకి చదవడం, లెక్కలు ఎంత వచ్చో చూసే అసర్ సర్వేలో వాడే పద్ధతి దీనికి చాలు: కొన్ని అక్షరాలు, కొన్ని చిన్న మాటలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ. ఎక్కడ ఆగారో అదే వాళ్ల స్థాయి. ఒక్కొక్కరికి అయిదు నిమిషాలు పట్టదు. మొదటి వారం పాఠం జరగకపోయినా ఫర్వాలేదు, ఈ పని పూర్తిచేయండి.

ఈ పరీక్ష పాఠ్యపుస్తకంతో పెట్టకండి. పిల్లలు పాఠాన్ని విని విని కంఠతా పట్టేస్తారు. అనుమానముంటే ప్రతిజ్ఞతో చూడండి. ఆ ప్రతిజ్ఞ రాసిన పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు మా జిల్లా అన్నెపర్తి వారే. 1962లో విశాఖపట్నంలో ఉద్యోగంలో ఉండగా రాశారు. పిల్లలు రోజూ ప్రార్థనలో తప్పు లేకుండా చెబుతారు. పుస్తకంలో అచ్చయిన ఆ పేజీ ముందు పెట్టి, మధ్యలో ఒక మాట మీద వేలు పెట్టి ఇదేమిటని అడగండి. చదవడం రాని పిల్ల మొదటి లైను నుంచి మనసులో చెప్పుకుంటూ వేలు జరుపుకుంటూ వస్తుంది. అప్పటిదాకా చదువు వచ్చిందనుకున్న కొందరి సంగతి అక్కడ బయటపడుతుంది.

క్లాసంతా కలిసి గట్టిగా చదివించడం మానేయండి. వినడానికి బాగుంటుంది, వరండాలో వెళ్లే హెచ్ఎంకి క్లాసు జరుగుతోందన్న తృప్తీ ఉంటుంది. చదవడం రాని పిల్లలు మాత్రం ఆ గోలలో హాయిగా దాక్కుంటారు. నలుగురైదుగురిని కూర్చోబెట్టి, స్థాయిని బట్టి గుంపులు చేసి, రోజుకో గుంపు దగ్గర మీరు కూర్చోండి. ఆ గుంపులకి ఏ, బీ, సీ అని పేర్లు పెట్టకండి. సీ అంటే ఏమిటో పిల్లలకి మొదటి రోజే తెలిసిపోతుంది. మా బళ్లో నదుల పేర్లు పెట్టాం. మూసీ గుంపుకి ఆ పేరు నచ్చలేదని గొడవైంది, అది వేరే కథ.

ఎక్కడ తడబడుతున్నారో కాస్త నిశితంగా చూస్తే తప్పులు ఎక్కువ రకాలుండవు. మ, య కలగలిసిపోతాయి, గుణింతాల్లోకి వెళ్లేసరికి మొ, యొ దగ్గర ఇంకా ఎక్కువ. ప, ష, ఫ, ఘ ఒకేలా కనిపిస్తాయి. బ, భ తేడా పలకడంలోనే లేదు, ఇంక రాతలో ఎక్కడిది! ఎత్వానికీ ఏత్వానికీ తేడా చూడరు. అన్నిటికన్నా పెద్ద అడ్డంకి ఒత్తులు. అమ్మ, అక్క వరకూ బండి నడుస్తుంది. రాష్ట్రం, శాస్త్రం, వస్త్రం దగ్గర ఆగిపోతుంది. చాలామంది ఆ మాటని వదిలేసి తర్వాతి మాటకి వెళ్లిపోతారు, లేదా మొదటి అక్షరం చూసి తోచిన మాట చెప్పేస్తారు. తండాల పిల్లలకి ఇంకో కష్టం ఉంది. ఇంట్లో లంబాడీ మాట్లాడతారు, తెలుగు వాళ్లకి బడి భాష. అక్షరాలు కూడబలుక్కుని మాట బయటికి తెచ్చినా, ఆ మాట ఎప్పుడూ విని ఉండరు కాబట్టి సరిగ్గా చదివామో లేదో వాళ్లకే తెలియదు. ఇలాంటి పిల్లల చేత ముందు మాట్లాడించాలి. కథ నోటితో చెప్పి, వాళ్ల భాషలో వాళ్లని చెప్పనిచ్చి, ఆ తర్వాత పుస్తకం తెరవాలి.

పన్నెండేళ్ల పిల్లాడికి చదవడం రాదని ఒకటో తరగతి వాచకం ఇస్తే సిగ్గుతో బడే మానేస్తాడు. వాడి వయసుకి తగ్గది ఇవ్వండి. మా బీరువాలో పుస్తకాల కన్నా ఎక్కువగా ఉండేవి పెళ్లి శుభలేఖలు, పత్తి విత్తనాల ప్యాకెట్లు, పురుగుమందు డబ్బా మీద జాగ్రత్తలు, కబడ్డీ పోటీల కరపత్రాలు, పాత దినపత్రికల ఆటల పేజీలు. శుభలేఖ అయితే మరీ మంచిది. ఊరి పేర్లు, ఇంటిపేర్లు, "జ్యేష్ఠ పుత్రుడు" లాంటి గట్టి ఒత్తులు అన్నీ ఒక్క కాగితంలో ఉంటాయి, పైగా అది తెలిసినవాళ్ల పెళ్లి. కథలకి ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ చూడండి. 2015 నుంచి నడుస్తోంది. తెలుగు కథలు నాలుగు స్థాయుల్లో ఉంటాయి, ఉచితంగా దించుకుని ప్రింటు తీసుకోవచ్చు. ఇంట్లో ఫోన్ ఉన్న పిల్లలకి గూగుల్ రీడ్ అలాంగ్ చెప్పండి. పిల్లలు గట్టిగా చదువుతుంటే విని తప్పులు చూపిస్తుంది, తెలుగులోనూ పనిచేస్తుంది.

గడగడా చదివే పిల్లల్ని గాలికి వదిలేయకండి. పేరా అంతా ఒక్క తప్పు లేకుండా చదివి, ఇందులో ఎవరు ఎవరికి అప్పు ఇచ్చారని అడిగితే బిక్కమొహం వేసేవాళ్లు ప్రతి క్లాసులో ఉంటారు. వాళ్లకి చదవడం అంటే నోరు ఆడించడమే. రోజుకి పది నిమిషాలు మీరే ఒక కథని బాగా, గొంతు మార్చి చదివి వినిపించండి. మధ్యలో ఆపి తర్వాత ఏం జరుగుతుందని అడగండి. ఇంగ్లిష్ మీడియం వచ్చాక ఈ బాధ పెరిగింది. 2022-23 నుంచి ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లిష్ మీడియం అయింది, పుస్తకాల్లో ఒక పక్క ఇంగ్లిష్, ఎదురు పేజీలో తెలుగు. కొందరు టీచర్లు పిల్లలు తెలుగు పేజీ చూస్తే కోప్పడతారు. నేను ముందు ఆ పేజీయే చదవమంటాను. సైన్స్ మేడమ్‌కి నచ్చకపోయినా సరే.

ఇక ల్యాబ్. మీరు తాళం తీసిన రోజు ఏం కనబడుతుందో నేను చెప్పగలను: పది సిస్టమ్స్‌లో సగం ఆన్ కావు, యూపీఎస్ బ్యాటరీలు చచ్చిపోయి ఉంటాయి, ఒక మూల వైర్లని ఎలుకలు కొరికేసి ఉంటాయి. మెకానిక్‌ని పిలిచే ముందు రెండు పనులు మీరే చేయండి. పవర్ తీసేసి, క్యాబినెట్ మూత విప్పి, దుమ్ము దులిపి, ర్యామ్ (పొడవాటి మెమరీ పట్టీ) బయటికి తీసి దాని బంగారు రంగు అంచుని పెన్సిల్ రబ్బరుతో సున్నితంగా రుద్ది మళ్లీ గట్టిగా కూర్చోబెట్టండి. ఆన్ చేస్తే బీప్‌మని మొండికేసేవి కొన్ని దీనితోనే లేస్తాయి. తేదీ ప్రతిసారీ పాతదానికి పోతుంటే మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లలా ఉండే సెల్ అయిపోయినట్టు. సీఆర్ 2032 అని వాచీల షాపులో అడిగితే ఇస్తారు. తేదీ తప్పైతే వెబ్‌సైట్లు సరిగ్గా తెరుచుకోవు, అందరూ నెట్ పోయిందనుకుంటారు.

ఒక్కో సిస్టమ్ దగ్గర ముగ్గురు నలుగురు తప్పరు. అక్కడ ఏమవుతుందంటే, జోరు ఉన్న మగపిల్లాడు మౌస్ లాక్కుంటాడు, ఆడపిల్లలు వెనక నిలబడి చూస్తారు. ఏడాది చివర పరీక్ష పెడితే వాడికే అన్నీ వస్తాయి, వాడు తెలివైనవాడని అందరం అనుకుంటాం. నేను ఆడపిల్లలకి విడిగా సిస్టమ్స్ ఇచ్చేస్తాను. ముగ్గురిలో ఒకరు చదివి చెప్పాలి, ఒకరు టైపు చేయాలి, ఒకరు తప్పులు చూడాలి. గంట కొట్టగానే ముగ్గురూ కుర్చీలు మారాలి. చదివి చెప్పే కుర్చీలోకి చదవడం రాని పిల్ల కూడా వస్తుంది. అప్పుడు ఆ పిల్లకి చదవాల్సిన అవసరం ఏర్పడుతుంది, పక్కవాళ్లు అందిస్తారు.

నేర్పేది ఏమిటన్న దగ్గర నాకు కాస్త పట్టుదల ఉంది. సీపీయూ అంటే ఏమిటి, కంప్యూటర్ తరాలెన్ని, అబాకస్ ఎవరు కనిపెట్టారు అంటూ నోట్సు చెప్పి రాయించే కంప్యూటర్ క్లాసు నాకు నచ్చదు. పిల్లల నోట్‌బుక్ నిండుతుంది, కీబోర్డు మీద వేలు పడదు. మొదటి రోజే తెలుగు టైపింగ్‌తో మొదలుపెట్టండి. దీనికి ఇంటర్నెట్ అక్కర్లేదు. విండోస్‌లో భాషల సెట్టింగ్స్‌లోకి వెళ్లి తెలుగు జత చేస్తే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు వస్తుంది. లైనక్స్ ఉన్న సిస్టమ్స్‌లోనూ ఉంటుంది. ఇంగ్లిష్ అక్షరాలతో కొడితే తెలుగు వచ్చే పద్ధతి ఇంకా సులువు కదా అని మీరు అనుకోవచ్చు. మనకి సులువే. తెలుగే సరిగ్గా చదవలేని పిల్లకి ఇంగ్లిష్ మీదుగా తెలుగులోకి రమ్మనడం రెండు కష్టాలు పెట్టడమే.

ఇన్‌స్క్రిప్ట్ నాకెందుకు నచ్చిందో చెబుతాను, ఇది ల్యాబ్ పని మాత్రమే కాదు. ఆ కీబోర్డులో ఎడమ చేతి వైపు అచ్చులు, గుణింతపు గుర్తులు ఉంటాయి, కుడి చేతి వైపు హల్లులు. ఎఫ్ మీట నొక్కితే గుడి, షిఫ్ట్ పట్టుకుని అదే మీట నొక్కితే ఇ. అంటే గుడికీ ఇ అక్షరానికీ ఉన్న చుట్టరికం పిల్లల వేలికి తెలుస్తుంది. కె మీట క, షిఫ్ట్‌తో ఖ. హెచ్ మీట ప, షిఫ్ట్‌తో ఫ. ఒత్తి పలికే అక్షరం ఎక్కడుందో వెతుక్కోనక్కర్లేదు. డి మీట పొల్లు, ఒత్తు ఇవ్వాలంటే దాని మీదుగానే వెళ్లాలి. రాష్ట్రం అని కొట్టాలంటే ర, దీర్ఘం, ష, పొల్లు, ట, పొల్లు, ర, సున్న. కాగితం మీద ఒక్క ముద్దలా కనబడి భయపెట్టిన అక్షరాన్ని పిల్లలు తమ చేతులతో విప్పి మళ్లీ కడతారు. క్రారవడికి పొల్లు, ర కొట్టాలి, వట్రసుడికి వేరే మీట ఉంది. క్రమం, కృషి రెండూ కొట్టించి చూడండి. బోర్డు మీద ఎన్నిసార్లు చెప్పినా ఎక్కని తేడా అక్కడ ఎక్కుతుంది. కీబోర్డుల మీద తెలుగు అక్షరాలు ఉండవు కాబట్టి చిన్న కాగితాల మీద రాసి సెల్లోటేపుతో అతికించండి. ఆ పని పిల్లల చేతే చేయిస్తే సగం పాఠం అయిపోయినట్టే.

ఆరో తరగతికి ఏడాదంతా ఇది, ఫైలు దాచుకుని మళ్లీ తెరవడం, ఇవి చాలు. ఏడో తరగతిలో లెక్కల పట్టికలు చేసే ఉచిత సాఫ్ట్‌వేర్ లిబ్రేఆఫీస్ కాల్క్‌లో రోజూ ఎంతమంది బడికొచ్చారో, ఎంతమంది భోంచేశారో ఎక్కించండి. ఆరు నుంచి ఎనిమిది దాకా ఒక్కొక్కరికి 150 గ్రాముల బియ్యం లెక్క. మరి రేపు 180 మందికి ఎన్ని కిలోలు? ఇరవై ఏడు. ఆ సంఖ్య సూత్రం రాయగానే దానంతటదే మారడం చూస్తే పిల్లలు నోరెళ్లబెడతారు. అక్టోబర్, నవంబర్‌లలో పత్తి ఏరడానికి పోయేవాళ్ల వల్ల గ్రాఫు కిందికి దిగుతుంది. ఆ గ్రాఫు ప్రింటు తీసి తల్లిదండ్రుల మీటింగులో గోడకి అంటించాం. నేను మాట్లాడిన దానికన్నా అదే ఎక్కువ పనిచేసింది. ఎనిమిదో తరగతికి స్క్రాచ్, అంటే దిమ్మెలు పేర్చినట్టు ఆదేశాలు పేర్చి బొమ్మల్ని ఆడించే ప్రోగ్రామింగ్, ఆఫ్‌లైన్‌లో కూడా నడుస్తుంది.

ఎఫ్ఏ (ఏడాది మధ్యలో చేసే నిర్మాణాత్మక మూల్యాంకనం) మార్కుల్లో ప్రతిస్పందనలకి కొన్ని ఉంటాయని మీకు తెలుసు. పుస్తకం చదివి అభిప్రాయం రాయమంటే అందరూ ఒకే గైడు చూసి ఒకే అభిప్రాయం రాస్తారు. ల్యాబ్‌లో అయిదు వాక్యాలు టైపు చేయమనండి, అందులో ఒకటి నచ్చని సంగతి అయి ఉండాలని చెప్పండి. నచ్చనిది గైడులో ఉండదు.

ఎనిమిదో తరగతితో మాత్రం తప్పకుండా చేయించాల్సింది ఇంకోటుంది. ఇళ్లల్లో అమ్మానాన్నల ఫోన్‌కి వచ్చే మెసేజ్‌లు చదివి చెప్పేది ఈ పిల్లలే. "మీ కరెంటు ఈ రాత్రి కట్ అవుతుంది, ఈ నంబరుకి ఫోన్ చేయండి" లాంటి మోసపు మెసేజ్‌లు నాలుగు రాసుకొచ్చి రీడింగ్ పీరియడ్‌లో పంచండి. ఎవరు పంపారు, ఏం అడుగుతున్నారు, ఎందుకు తొందరపెడుతున్నారు, ఏ మాట దగ్గర అనుమానం రావాలి అని ప్రశ్నలు వేయండి. పాఠం చదివి జవాబు చెప్పనివాళ్లు కూడా ఇక్కడ పోటీ పడతారు. ఓటీపీ ఎవరికీ చెప్పకూడదనీ, డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలనీ ల్యాబ్‌లో పోస్టరు తయారు చేయించి కిరాణా షాపుల దగ్గర అంటించండి.

డిగ్రీ గురించి. హైస్కూల్లో ఈ పని చేస్తున్న చాలామందికి కంప్యూటర్ డిగ్రీ లేదు, నాకూ లేదు. డబ్బు కట్టి కోర్సు చేయనక్కర్లేదు. ఇన్‌స్క్రిప్ట్‌లో మీరు స్వయంగా ఒక పేజీ టైపు చేయగలగాలి, కాల్క్‌లో కూడిక, సగటు, గ్రాఫు రావాలి, స్క్రాచ్‌లో తెర మీది పిల్లి బొమ్మని నడిపించగలగాలి. దసరా సెలవుల్లో ఇంట్లో కూర్చుంటే వస్తాయి. అంతకుమించి పిల్లలు అడిగితే రేపు చూసి చెబుతానని అనండి, చూసి చెప్పండి. ల్యాబ్ స్టాక్ రిజిస్టర్ మీద సంతకం పెట్టే ముందు మాత్రం ప్రతి వస్తువూ లెక్కపెట్టి, పనిచేయని వాటిని విడిగా రాయించి, హెచ్ఎం సంతకం కూడా తీసుకోండి. రేపు ఆడిట్‌లో మౌస్ ఒకటి తక్కువైతే అడిగేది మిమ్మల్నే.